61 నంబరు నారింజ కారు

నన్ను చూపించి ఇది కారు అంటే మీలో సగం మంది ఒప్పుకోరు. ముందు చక్రాల మీద రేకు ఉండదు, అవి రెండూ బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. పైన కనిపించే ఒళ్ళు చిన్న ఫోర్డ్ పింటోది, లోపలంతా లావుపాటి ఇనప గొట్టాల చట్రం. తలుపులు తెరుచుకోవు. నడిపేవాడు కిటికీలోంచి కాళ్ళు పెట్టి లోపలికి జారాలి. హెడ్‌లైట్లు లేవు, హారన్ లేదు, పక్క సీటు లేదు. రోడ్డు మీద తిరిగే హక్కే లేదు. ట్రక్కు మీద ఎక్కించి ట్రాక్ దాకా తీసుకెళ్ళాలి. ఒళ్ళంతా నారింజ రంగు. ఆ రంగు మీద పెద్ద అంకెల్లో 61.

ఈ నంబరుతో నన్ను నడిపినవాడు రిచీ ఎవాన్స్. ఆయన పోయి నలభై ఏళ్ళయింది. ఆయన గురించి చెప్పేవాళ్ళు, రాసేవాళ్ళు చాలామందే ఉన్నారు. కానీ ఆయన చేతుల కింద బతికిన దాన్ని కాబట్టి నేను చెప్పాల్సింది వేరే ఉంది.

ముందు మా కులగోత్రాలు చెప్పాలి. మమ్మల్ని మాడిఫైడ్లు అంటారు. అమెరికాలో కారు పందేలు నడిపే సంస్థ నాస్కార్ అనగానే టీవీలో కనిపించే డేటోనా, టల్లడేగా లాంటి పెద్ద ట్రాకులు, కోట్ల డాలర్ల కార్లు గుర్తొస్తాయి. నాస్కార్ పుట్టిన 1948లో, ఫిబ్రవరి 15న డేటోనా బీచ్ ఇసుకలో జరిగిన మొదటి రేసు మాడిఫైడ్లదే. ఇవాళ కప్ సిరీస్ అని పిలిచే పెద్ద పందెం మరుసటి ఏడు మొదలైంది. వరసకి మేమే పెద్దవాళ్ళం. అయినా డబ్బు, పేరు తమ్ముడి ఇంటికి పోయాయి. మేము అర మైలు, పావు మైలు, ఐదో వంతు మైలు ట్రాకుల మీద, శుక్రవారం శనివారం రాత్రుల్లో, ఆ చుట్టుపక్కల ఊళ్ళ జనం ముందు పరిగెత్తుతూ ఉండిపోయాం. ఒంగోలు, గుంటూరు వైపు బండలాగుడు పందేల దగ్గర ఎవరి ఎడ్లు ఎవరివో పేరుపేరునా తెలిసిన జనం ఉంటారే, మా ట్రాకుల దగ్గరా అటువంటి జనమే. కారు శబ్దం విని నంబరు చెప్పేవాళ్ళు.

రిచీ ఊరు రోమ్. ఇటలీది కాదు, న్యూయార్క్ రాష్ట్రం మధ్యలో ఉన్న చిన్న పట్నం. ఈరీ కాలువకి మొదటి గడ్డపార పడింది అక్కడే, 1817లో. ఆ రోజుల్లో రాగి పరిశ్రమ, పక్కనే ఎయిర్‌ఫోర్స్ బేసు, చలికాలంలో నడుము లోతు మంచు. 1941లో పుట్టిన రిచీ పక్కనే వెస్టర్న్‌విల్‌లో ఇంటి పొలం వదిలేసి, పదహారేళ్ళ వయసులో రోమ్‌లో గరాజు పనికి కుదిరాడు. మొదట వీధుల్లో పందేలు, తర్వాత తిన్నగా దూసుకుపోయే డ్రాగ్ రేసులు. దగ్గర్లో యూటికా-రోమ్ స్పీడ్‌వే ఉంది కదా, దానికో కారు కట్టుకోరాదా అని ఎవరో అన్నారు. 1962లో 1954 నాటి ఫోర్డ్ ఒకటి సిద్ధం చేసి ట్రాకెక్కాడు. దాని మీద నంబరు పీటీ-109. యుద్ధకాలంలో జాన్ కెనడీ నడిపిన టార్పెడో పడవ పేరది. 1965లో మాడిఫైడ్లలోకి వచ్చి, ఆ సీజను చివరి రాత్రి మొదటిసారి గెలిచాడు.

అప్పటికి నేను లేను. నన్ను కట్టింది డెబ్భైల చివర్లో. చలికాలం రోమ్ గరాజులో వెల్డింగు నిప్పురవ్వల మధ్య నా గొట్టాలు ఒక్కోటీ అతుక్కున్నాయి. కళ్ళు తెరిచేసరికి గోడ పక్కన నాకు ఒకటికి మించి తోబుట్టువులున్నాయి, అన్నీ నారింజవే. రిచీ వారంలో ఒక్క రేసు ఆడే మనిషి కాదు. ఒక కారు దెబ్బతింటే ఇంకోటి బయల్దేరాలి.

మా పందెంలో ఎప్పుడూ ఎడమ పక్కకే తిరగాలి. రాత్రంతా తిరిగినా కుడి పక్కకి తిరిగేది ఉండదు. అందుకని మమ్మల్ని తయారుచేసేటప్పుడే వంకరగా చేస్తారు. బరువంతా ఎడమ వైపు ఎక్కువ పెడతారు. వెనక రెండు టైర్లలో కుడిదాని చుట్టుకొలత ఎడమదాని కంటే పెద్దగా ఉంటుంది. దీన్ని స్టాగర్ అంటారు. మలుపులో బయట పక్క చక్రం ఎక్కువ దూరం పోవాలి కాబట్టి, తేడా కుదిరితే కారు తనంతట తానే ఎడమకి ఒరుగుతుంది. కుదరకపోతే ముందు చక్రాలు మాట వినక గోడ వైపు పోతాయి, లేదంటే వెనక భాగం జారి అడ్డం తిరుగుతుంది. గాలి ఒక పిసరు ఎక్కువైతే టైరు ఉబ్బుతుంది, లెక్క మారిపోతుంది. టేపు పట్టి టైరు చుట్టూ కొలిచి, సుద్దముక్కతో దాని మీదే అంకె రాసేవాళ్ళు. ప్రాక్టీసులో నాలుగు చుట్లు తిరిగొచ్చాక మళ్ళీ కొలిచేవాళ్ళు. వేడి టైరు మీద అరచెయ్యి పెట్టి లోపలి అంచు, మధ్య, బయటి అంచు తడిమి చూస్తే ఎక్కడ ఎక్కువ కాలిందో తెలుస్తుంది. నా మీద రిచీ చెయ్యి అలాగే తెలుసు నాకు. సన్మానాల్లో చప్పట్లు కొట్టించుకున్న చెయ్యి కంటే, టైరు అంచున రేగిన రబ్బరు పొట్టుని గోటితో గీకి చూసిన చెయ్యే నాకు బాగా గుర్తు.

రేసు డ్రైవరు అంటే స్టీరింగు పట్టుకునేవాడని చాలామంది అనుకుంటారు. చిన్న ట్రాకుల్లో గెలుపు సగం గరాజులో మంగళవారం రాత్రే ఖాయమవుతుంది. రిచీ మెకానిక్కుగా మొదలైనవాడు, చివరిదాకా మెకానిక్కే. బిల్లీ నేస్‌విచ్ లాంటి క్రూ చీఫ్ పక్కనున్నా, తానూ గ్రీజు అంటించుకునేవాడు. మలుపులో నేను ఏమంటున్నానో ఆయనకి నడుము దగ్గర తెలిసేది. తెలిశాక ఏ స్ప్రింగు మార్చాలో కూడా తెలిసేది. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండటం అరుదు.

ఆ రోజుల్లో నేషనల్ మాడిఫైడ్ టైటిల్ అంటే ఊరూరా తిరిగి పాయింట్లు పోగుచేసుకోవడం. శుక్రవారం కనెక్టికట్‌లో స్టాఫర్డ్, మర్నాడు మళ్ళీ న్యూయార్క్‌లో ఏదో ట్రాకు, ఆదివారం థాంప్సన్. రోమ్ నుంచి స్టాఫర్డ్ నాలుగు గంటల దారి. రేసయ్యాక అర్ధరాత్రి నన్ను ట్రక్కెక్కించి, దారిలో ఎక్కడో కాఫీ తాగి, తెల్లవారేసరికి ఇంకో ఊళ్ళో విప్పేవాళ్ళు. ఫిబ్రవరిలో మంచు వదిలించుకుని ఫ్లోరిడాలో న్యూ స్మిర్నా దాకా దిగేవాళ్ళం. అటు క్విబెక్ దాకా ఎక్కేవాళ్ళం. 1979లో రిచీ 60 రేసులు ఆడి 37 గెలిచాడు, 54 సార్లు మొదటి ఐదుగురిలో ఉన్నాడు. ఆ గెలుపుల్లో నా వాటా కొంత ఉంది, నా తోబుట్టువులది కొంత.

అంతకు ముందు ఏడు సంగతి ఇంకా గొప్పది. 1978లో జెఫ్ బోడైన్ అనే డ్రైవరు మాడిఫైడ్లలో 55 రేసులు గెలిచాడు. గిన్నిస్ పుస్తకంలోకెక్కిన లెక్క అది. అయినా ఆ ఏడు టైటిల్ రిచీదే. ఏ రాత్రీ ఇంట్లో కూర్చోకుండా, గెలవని రాత్రి కూడా మూడోవాడిగానో నాలుగోవాడిగానో కారుని చెక్కుచెదరకుండా ఇంటికి తెచ్చుకుంటేనే టైటిల్ వస్తుంది. 1973లో మొదటిసారి వచ్చింది. 1978 నుంచి 1985 దాకా ఎనిమిదేళ్ళు వరసగా ఇంకెవరికీ వదల్లేదు. మొత్తం తొమ్మిది. మధ్యలో ఏళ్ళు ఎవరివంటే, జెర్రీ కుక్‌వి. ఆయనదీ రోమే! 1971, 72లో కుక్, 73లో రిచీ, 74 నుంచి 77 దాకా మళ్ళీ కుక్, ఆ తర్వాతంతా రిచీ. పదిహేనేళ్ళ పాటు అమెరికా మాడిఫైడ్ ఛాంపియన్ ఆ ఒక్క చిన్న ఊళ్ళోనే ఉన్నాడు. ఒకే ఊళ్ళో రెండు గరాజులు, రెండు వర్గాలు. హోటల్లో టిఫిన్ దగ్గర కూడా జనం రెండుగా చీలి కూర్చునేవారంటే నమ్మండి. కుక్ 1982లో రేసులు మానేసి నాస్కార్‌లో అధికారిగా చేరాడు. 1985లో మాడిఫైడ్ టూర్ అనే కొత్త పద్ధతి మొదలైనప్పుడు దాన్ని నడిపించే బాధ్యత ఆయనదే. దాని మొదటి ఛాంపియన్ తన పాత పోటీదారు రిచీ అయ్యాడు.

మార్టిన్స్‌విల్ గురించి చెప్పకుండా రిచీ కథ లేదు. వర్జీనియాలో ఉన్న ట్రాకు, 0.526 మైలు. పొడుగాటి రెండు తిన్నని దార్లు, చివర్లలో ఇరుకు మలుపులు. చూడ్డానికి కాగితాలకి పెట్టే క్లిప్పే. తిన్నని దారి తారు, మలుపులు కాంక్రీటు. బ్రేకులు ఎర్రగా కాలిపోతాయి. అక్కడ గెలిచినవాడికి కప్పు ఇవ్వరు, మనిషెత్తు గడియారం ఇస్తారు. 1964 నుంచీ అదే ఆనవాయితీ. రిచీ ఇంటికి అవి ఒకటికి మించే వచ్చాయి.

వాటిలో 1981 వసంతంలో వచ్చినదాని కథ మాడిఫైడ్ జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను ఆ రోజు వెళ్ళలేదు. వెళ్ళిన కారు తిరిగొచ్చిన తీరు చూశాను. చివరి చుట్టు, చివరి మలుపు. రిచీ, బోడైన్ పక్కపక్కనే. రెండు కార్లూ చక్రం చక్రం తగులుకున్నాయి. మా ముందు చక్రాలకి రేకు లేదని మొదట్లోనే చెప్పానుగా, అలా తగిలితే ఒక చక్రం ఇంకోదాని మీదికి ఎక్కేస్తుంది. రిచీ కారు గోడ మీదికి లేచింది, గోడని రాసుకుంటూ, ముక్కలు రాల్చుకుంటూనే గీత దాటింది. గెలిచింది! ఆ ఒక్క ఫోటో చూసి ఈ ఆటకి అతుక్కుపోయినవాళ్ళు ఎంతమందో.

తర్వాత బోడైన్ పెద్ద సిరీస్‌కి వెళ్ళాడు. 1984లో అదే మార్టిన్స్‌విల్‌లో గెలిచి హెండ్రిక్ టీముకి మొట్టమొదటి కప్ విజయం తెచ్చాడు, 1986లో డేటోనా 500 గెలిచాడు. రిచీ మాత్రం మాడిఫైడ్లతోనే ఉండిపోయాడు. ఆయన సామర్థ్యాన్ని ఎవరూ శంకించలేదు. ఆయన వదిలిపెట్టలేనంత బతుకు ఇక్కడే ఉంది. నాలుగు వందలకి పైగా రేసులు గెలిచిన మనిషి రేసయ్యాక పిట్‌లో, అంటే కార్లు సిద్ధం చేసుకునే చోట, ట్రక్కు వెనక బల్ల మీద కూర్చుని, వచ్చిన ప్రతివాడితో బీరు తాగి, నవ్వించి, చివరికి ట్రాకు యజమాని దీపాలు ఆర్పేదాకా కదిలేవాడు కాదు. పోటీవాడి కారుకి గేరు కావాలన్నా, టైరు కావాలన్నా ఆయన ట్రక్కు దగ్గరికే వచ్చేవారు. ఇచ్చి పంపి, మళ్ళీ ట్రాకు మీద వాణ్ణి ఓడించేవాడు. చిన్నపిల్లల్ని ఎత్తి నా కిటికీలోంచి సీట్లో కూర్చోబెట్టేవాళ్ళు. వాళ్ళ బూట్ల మట్టి నా సీటు నిండా ఉండేది. అలా కూర్చున్న పిల్లల్లో కొందరు తర్వాత డ్రైవర్లయ్యారు.

నా వంతు అయిపోయింది. కొత్త కార్లు వచ్చాయి, పింటో ఒళ్ళు పోయి షెవర్లే కావలియర్ ఒళ్ళు వచ్చింది. నన్ను ఒక కుర్రాడు కొనుక్కున్నాడు. నారింజ మీద నీలం పూశాడు, వేరే నంబరు రాశాడు. పాత రేసు కార్లన్నిటికీ జరిగేదే ఇది. రంగు గీరుకుపోయిన చోట లోపలి నారింజ కనిపిస్తే జనం చూసి, ఇది రిచీ కారే అనేవాళ్ళు. కుర్రాడు పొంగిపోయేవాడు.

1985 అక్టోబర్ 24. రిచీ అప్పటికే తొమ్మిదో టైటిల్ ఖాయం చేసుకున్నాడు. సీజను చివరి రేసు కోసం మార్టిన్స్‌విల్‌లో ప్రాక్టీసు చేస్తున్నాడు. మూడో మలుపు దగ్గర కారు తిరగాల్సిన చోట తిరగలేదు. తిన్నగా పోయి గోడని కొట్టింది. యాక్సిలరేటర్ తొక్కినట్టే ఉండి ఇరుక్కుపోయిందని అన్నవాళ్ళున్నారు. ఆయన వయసు 44. మొదటి మాడిఫైడ్ టూర్ ఛాంపియన్ టైటిల్ ఆయన పేరునే మిగిలింది.

ఆయన పోయాడన్న వార్త ఆ సాయంత్రమే మా గరాజుకి చేరింది. కుర్రాడు నా బానెట్ మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత స్పానరు తీసుకుని పనిలో పడ్డాడు. మా లోకంలో దుఃఖం చూపించే పద్ధతి అంతే.

ఇప్పుడు నేను చెప్పాలనుకున్న అసలు మాట. మేము గట్టివాళ్ళం. గోడకి తగిలినా, మరునాడు మళ్ళీ పరిగెత్తాలి. అందుకని మా చట్రాలు తిన్నని లావుపాటి గొట్టాలతో, వంగకుండా, నలగకుండా కట్టారు. డబ్బు లేని వాళ్ళ ఆటలో అది తెలివైన పని. వారానికి మూడు రాత్రులు ఆడేవాడికి వారానికో కొత్త చట్రం ఎక్కణ్ణుంచి వస్తుంది? కానీ ఇనుము నలగకపోతే ఆ దెబ్బ ఎక్కడికో పోవాలి కదా. సీటు బెల్టు భుజాల్ని పట్టి ఉంచుతుంది, తల మాత్రం ముందుకు పోతుంది. చట్రం కాచుకున్న దెబ్బంతా మెడ మీద పడుతుంది. కారు బాగుండాలని చేసిన పనే మనిషికి ముప్పయింది. 1987లో అదే మార్టిన్స్‌విల్‌లో చార్లీ జార్జొంబెక్, అదే ఏడు థాంప్సన్‌లో కార్కీ కుక్‌మన్ అనే డ్రైవర్లు పోయారు. ఆ తర్వాత గానీ చట్రం ముందు భాగం నలిగేటట్టు, దెబ్బని కొంత మింగేటట్టు కట్టాలన్న పట్టుదల బలపడలేదు. తల, మెడ కదలకుండా ఆపే సాధనం పెట్టుకోవడం నాస్కార్ పెద్ద సిరీసుల్లో తప్పనిసరి అయింది 2001లో, అదీ డేల్ ఎర్న్‌హార్ట్ డేటోనాలో పోయాకే. చిన్న ట్రాకుల్లో పోయినవాళ్ళ చావు నేర్పిన పాఠం వినడానికి పెద్ద ట్రాకులో పెద్ద పేరున్నవాడు పోవాల్సి వచ్చింది. రిచీ పోయిన నాటి నుంచి ఆ పదహారేళ్ళ ఆలస్యం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఇవాళ్టి మాడిఫైడ్ గోడని కొడితే ముందు భాగం నుజ్జవుతుంది, చాలాసార్లు డ్రైవరు దిగి నడిచి వస్తాడు. అది చూసిన ప్రతిసారీ రిచీకి ఈ కారు దొరికుంటే అనుకుంటాను.

నాస్కార్ మాడిఫైడ్ టూర్‌లో 61 నంబరు మరెవరికీ ఇవ్వలేదు. నాస్కార్ ఇటువంటి గౌరవం ఇవ్వడం చాలా అరుదు. కప్ సిరీస్‌లో ఎంతో పేరున్నవాళ్ళ నంబర్లు కూడా తర్వాతివాళ్ళకి పోతుంటాయి. 2012 జనవరిలో షార్లెట్‌లోని నాస్కార్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ఆయన్ని తీసుకున్నారు. కేల్ యార్బరో, డారెల్ వాల్ట్రిప్, డేల్ ఇన్‌మన్, గ్లెన్ వుడ్ పక్కన ఆయన పేరు చదివారు. మిగతా నలుగురూ కప్ సిరీస్ మనుషులు. శనివారం రాత్రి ట్రాకుల నుంచి ఆ వరసలో నిలబడిన మొదటివాడు రిచీ. నాలుగేళ్ళకి జెర్రీ కుక్ కూడా వెళ్ళాడు. రోమ్‌లో రెండు వర్గాల ముసలివాళ్ళూ ఆ రోజు ఒకే బల్ల దగ్గర కూర్చుని ఉంటారని నా ఊహ.

నన్ను కొన్న కుర్రాడు పెద్దవాడై రేసులు మానేశాక నీలం గీకించి, మళ్ళీ నారింజ పూయించాడు, 61 రాయించాడు. పాత కార్ల ప్రదర్శనల్లో రెండు చుట్లు మెల్లగా తిప్పుతారు. స్టాగర్ ఇప్పటికీ కొలుస్తారు, అలవాటు పోలేదు. ఫ్లోరిడా న్యూ స్మిర్నాలో ఫిబ్రవరి వస్తే రిచీ ఎవాన్స్ మెమోరియల్ అని వంద చుట్ల రేసు ఆడతారు. మేము ఆడిన ట్రాకులు చాలా మూతపడ్డాయి. ట్రెంటన్ 1980లో పోయింది, లాంగ్ ఐలండ్‌లో ఇస్లిప్ 1984లో పోయింది, ఓవిగోలో షాంగ్రి-లా 2005లో కంకర క్వారీ కింద పోయింది. జనం రాకపోతే మిగిలినవీ పోతాయి.

షార్లెట్‌లో, కనెక్టికట్‌లో, న్యూజెర్సీలో తెలుగువాళ్ళు బాగానే స్థిరపడ్డారు కదా. వారాంతం వస్తే మాల్‌కీ, గుడికీ వెళ్ళే దారిలోనే ఇటువంటి ట్రాకు ఒకటి ఉండొచ్చు. ఎండాకాలంలో శుక్రవారం రాత్రి స్టాఫర్డ్‌కి పిల్లల్ని తీసుకెళ్ళండి. చెవులకి అడ్డం పెట్టుకోవడానికి ఏమైనా తీసుకెళ్ళండి, శబ్దం మామూలుగా ఉండదు. రేసయ్యాక వెంటనే ఇంటికి పరిగెత్తకండి. పిట్‌లోకి వెళ్ళి డ్రైవరుతో మాట్లాడండి, మీ పిల్లని కాసేపు సీట్లో కూర్చోబెట్టమని అడగండి. కాదనరు.